వైజాగ్ ఎండకు నిలిచే ఫ్లై లైను కోసం

చేపల వేటకి ఫ్లై లైను కొనాలనుకునేవాళ్లు నన్ను ముందుగా అడిగేది "ఎంత దూరం పడుతుంది?" అని. మిట్టమధ్యాహ్నం రాతి మీద పది నిమిషాలు పడేస్తే అది ఏమవుతుందో ఎవరూ అడగరు. వైజాగ్‌లో ముందు తేల్చుకోవాల్సింది ఈ రెండో ప్రశ్నే అని నా ఉద్దేశం. దూరం సంగతి తర్వాత చూసుకోవచ్చు.

మాది కురుపాం మార్కెట్ దగ్గర బంగారం పని. మా నాన్న కమ్మచ్చులో తీగ లాగేవారు, నేనూ లాగాను. ఇప్పుడు మిషన్లు వచ్చాయి కానీ వేళ్లకు ఆ అలవాటు పోలేదు. తీగ మందం ఎక్కడ మారిందో రెండు వేళ్ల మధ్య జార్చి చెప్పేస్తాను. ఫ్లై ఫిషింగ్ పిచ్చి ఎలా పట్టిందో గానీ, లైన్లను పరీక్షించే పద్ధతి మాత్రం దుకాణంలోంచే వచ్చింది. కాటా ఉంది, మైక్రోమీటరు ఉంది, రాత్రి షట్టరు దించాక అడిగేవాళ్లు లేరు. (మా ఆవిడ అడుగుతుంది. అది వేరే కథ.)

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. మామూలు గేలంలో సీసపు గుండు బరువు తంగూసును లాక్కుపోతుంది. ఫ్లైలో ఆ గుండు ఉండదు. ఈకలు, వెంట్రుకలు చుట్టిన ఫ్లై అనే చిన్న గేలానికి చెప్పుకోదగ్గ బరువే లేదు. బరువంతా లైనుదే. రాడ్డును వెనక్కీ ముందుకీ ఊపుతుంటే లైను గాలిలో సాగి, చివరనున్న ఫ్లైని తనతో తీసుకెళ్తుంది. రాడ్డుకి ముప్పై వేలు పోసి లైను దగ్గర పీనాసితనం చూపించేవాళ్లంటే అందుకే నాకు ఒళ్లు మంట.

లైను నంబరంటే దాని బరువే. 1960ల మొదట్లో అమెరికావాళ్లు పెట్టుకున్న లెక్క ఇప్పటికీ నడుస్తోంది. కొసన ఒకే మందంతో ఉండే చిన్న ముక్కను వదిలేసి, అక్కణ్ణుంచి 30 అడుగులు తూచాలి. 210 గ్రెయిన్లు తూగితే 8, 240 అయితే 9, 280 అయితే 10. గ్రెయిన్ అంటే 0.0648 గ్రాము. మా దుకాణం భాషలో చెప్పాలంటే 9 నంబరు లైను రెండు కాసులకు సుమారు అర గ్రాము తక్కువ. 10 నంబరైతే రెండు కాసుల మీద రెండు గ్రాముల పైచిలుకు. అటూ ఇటూ కొంత వెసులుబాటు ఉంది. 9 అంటే 230 నుంచి 250 దాకా ఏదైనా కావచ్చు.

నేను తెప్పించిన ఫ్లోటింగ్, అంటే నీళ్ల మీద తేలే లైను పెట్టె మీద 9 అని ఉంది. ఆ 30 అడుగులు చుట్ట చుట్టి కాటా పళ్లెంలో పెడితే 16.9 గ్రాములు తూగింది. అంటే 260 గ్రెయిన్లు దాటింది. 9కీ 10కీ సరిగ్గా మధ్యన ఉంది. ఇది మోసమనడం లేదు. ఉప్పునీటి లైన్లను చాలా కంపెనీలు కావాలనే అర నంబరు, ఒక్కోసారి పూర్తి నంబరు బరువుగా చేస్తాయి. ఇప్పటి రాడ్లకు బిగువు ఎక్కువ. లైను కాస్త బరువుగా ఉంటే అవి తొందరగా వంగుతాయి, రెండు ఊపుల్లో విసిరేయొచ్చు. చేప కనిపించి మాయమయ్యేలోపు ఫ్లై పడాలి కాబట్టి అదీ అవసరమే. నా అభ్యంతరమల్లా ఆ విషయం కంటికి కనిపించే అక్షరాల్లో రాయకపోవడం గురించే. బరువు చెప్పకుండా నగ అమ్మితే మా షాపు ముందు గొడవైపోతుంది.

అందుకని నా మొదటి సలహా, తెలిసిన బంగారం షాపుకి వెళ్లి లైను తూయించుకోండి. నవ్వుతారు, కానీ తూస్తారు. మీ రాడ్డు మరీ బిరుసుదైతే బరువైన లైను మంచిదే. మెత్తటి రాడ్డుకి అదే లైను వేస్తే విసిరిన ప్రతిసారీ నడుం విరిగినట్టు వంగిపోతుంది.

పెట్టెల మీద చేపల పేర్లు కూడా ఉంటాయి. బోన్‌ఫిష్ లైను, రెడ్‌ఫిష్ లైను, టార్పన్ లైను అని. అవన్నీ ఫ్లోరిడా, బహామాస్ లెక్కలు. అక్కడ మోకాలి లోతు నీళ్లు మైళ్లకొద్దీ ఉంటాయి, దిగి నడుస్తూ చేపను కంటితో చూసి వేస్తారు. మనకి అలాంటి తీరం లేదు. కెరటం విరిగే చోటు దాటగానే లోతు వచ్చేస్తుంది. మనకి తగిలేవి రాళ్ల దగ్గర తిరిగే పారలు, అప్పుడప్పుడు బారాకుడా, అదృష్టం బాగుంటే భీమిలిలో గోస్తనీ మొగ దగ్గర పండుగప్ప. కాబట్టి చేప పేరు పక్కన పెట్టి, ఆ పేరు వెనకున్న ఆకారాన్ని చూడాలి. బోన్‌ఫిష్ లైనుకి ముందుభాగం, అంటే హెడ్, పొడవుగా ఉండి మెల్లగా సన్నబడుతుంది. దూరంగా, చప్పుడు లేకుండా వాలుతుంది. రెడ్‌ఫిష్ లైనుకి హెడ్ పొట్టి, బరువంతా ముందే ఉంటుంది. నీళ్ల మీద టప్పున పడుతుంది. కెరటాల హోరులో ఆ చప్పుడు ఏ చేప వింటుంది? మనకి రెండోదే నయం.

ఇక ఎండ సంగతి.

ఫ్లై లైను అంటే లోపల ఒక దారం, దాని మీద ప్లాస్టిక్ పూత. పూత ఎక్కువగా పీవీసీ. ఎయిర్‌ఫ్లో లాంటి కంపెనీ పాలీయురేథేన్ వాడుతుంది. పీవీసీ దానంతటది గట్టి సరుకు. మన ఇళ్లలో నీళ్ల పైపులు అదే కదా. దాన్ని మెత్తబరచడానికి ప్లాస్టిసైజర్ కలుపుతారు. చలి దేశాల లైనుకి ఎక్కువ కలుపుతారు, లేకపోతే చల్లటి నీళ్లలో స్ప్రింగులా చుట్టలు తిరుగుతుంది. వేడి దేశాల లైనుకి తక్కువ. లోపలి దారంలోనూ తేడా ఉంది. చలి లైనులో సన్నటి నైలాన్ పోగులు అల్లిన మెత్తటి జడ ఉంటుంది. ట్రాపికల్ లైనులో ఎక్కువగా ఒంటి పోగు నైలాన్, లేదా బిరుసు పోగులతో అల్లిన జడ. ఈ బిరుసే మనకి కావాలి. మెత్తబడ్డ లైను రాడ్డు రింగుల మధ్య వేలాడి, వాటికి రాసుకుంటూ ఆగి ఆగి పోతుంది. విసిరిన బలం సగం అక్కడే చచ్చిపోతుంది.

ట్రాపికల్ లైనంటే వేడి నీళ్లకు చేసిందని రాస్తారు. మన సముద్రం పైనీళ్లు మే నెలలో 29, 30 డిగ్రీలుంటాయి. చలికాలంలో కూడా 25కి పెద్దగా దిగవు. ఆ వేడికి ఏ ట్రాపికల్ లైనైనా నిలుస్తుంది. అయితే విసరడానికి ముందు లైను ఉండేది నీళ్లలో కాదు. లాగిన లైనంతా ఇసుక మీదో, రాతి మీదో, నడుముకు కట్టుకున్న టబ్బులోనో చుట్టలుగా పడి ఉంటుంది. అక్కడి వేడి వేరు. దుకాణంలో వాడే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు పట్టుకెళ్లి జోడుగుళ్లపాలెం రాళ్ల మీద మధ్యాహ్నం పెడితే 50 డిగ్రీలు దాటి చూపించింది. ముదురు రంగు లైను లేత రంగు లైను కన్నా ముందు వేడెక్కడం చేత్తో ముట్టుకున్నా తెలిసిపోతుంది. పెట్టె మీది ఉష్ణోగ్రత నీళ్లకు సంబంధించింది, మనకి లైను చెడేది ఒడ్డు మీద. వైజాగ్‌లో లైను ఎంపికంతా ఈ తేడాలోనే ఉంది.

అందుకని పరీక్ష ముందు డాబా మీదే పెట్టుకున్నాను. మూడు లైన్లు. ఒకటి చల్లటి ఏరుల్లో ట్రౌట్ పట్టడానికి చేసిన పాత లైను, పోలిక కోసం. రెండోది ఒంటి పోగు మీద పూత వేసిన ట్రాపికల్ ఫ్లోటింగ్. మూడోది ట్రాపికల్ ఇంటర్మీడియెట్, అంటే నెమ్మదిగా మునిగేది. మూడూ ఒంటిగంట ఎండలో సిమెంటు మీద చుట్టలుగా వదిలేసి, కాసేపాగి ఒక్కోదాన్నీ రెండు వేళ్ల మధ్య జార్చాను. ట్రౌట్ లైను ఎండలో పెట్టిన జీడిలాగా వేళ్లకు అంటుకుంది. చుట్టలు ఒకదానికొకటి అతుక్కుని, లాగితే చిటచిటమంటూ విడిపోయాయి. ఫ్లోటింగ్ లైను పూత మెత్తబడింది కానీ అంటుకోలేదు. ఇంటర్మీడియెట్‌కి చీమ కుట్టినట్టు కూడా లేదు.

దాని తర్వాత వేలాడదీసే పరీక్ష. డాబా మీద బట్టలారేసే రెండు కొక్కేలకు రాడ్డు రింగుల మధ్య ఉండే దూరంలో లైను వేసి, మధ్యలో ఎంత కిందికి వేలాడుతుందో స్కేలుతో చూడటం. పొద్దున్న ఓసారి, మధ్యాహ్నం ఓసారి. ట్రౌట్ లైను మధ్యాహ్నానికి స్పష్టంగా కిందికి జారింది. మిగతా రెండింటిలో తేడా కనిపించాలంటే వంగి చూడాల్సి వచ్చింది. దీనికి ఖర్చేమీ లేదు, కొనేముందు స్నేహితుడి దగ్గరున్న లైను అడిగి తెచ్చుకుని ఎవరైనా చేసుకోవచ్చు.

జోడుగుళ్లపాలెంలో రాళ్ల మీద లైన్లు ఆరేసి కూర్చుంటే పక్కన వల బాగుచేసుకుంటున్న పెద్దాయన ఊరుకోలేకపోయాడు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, మరబోట్లన్నీ హార్బర్లో కట్టేసి ఉంటాయి, అందరికీ తీరికే.

"ఏటి బాబూ, తాడు ఎండేస్తన్నావా?"

"ఎండకి ఆగుతుందో లేదో చూస్తున్నాను బాబాయ్."

దగ్గరకొచ్చి ఒక్కోటీ తీసి వంచి వదిలాడు. ట్రౌట్ లైనును పట్టుకోగానే పక్కన పడేశాడు. ఫ్లోటింగ్ లైనును మెలి తిప్పి చూసి, "దీన్లోపల తంగూసే ఉందేటి?" అన్నాడు. ఉంది. పూత కోసి చూడకుండా వేళ్లతోనే పట్టేశాడు. "ఎంతయ్యింది?" అన్నాడు. చెప్పాను. దానికి జవాబు చెప్పకుండా వల దగ్గరకెళ్లిపోయాడు.

ఈ బిరుసుకి రెండో వైపు కూడా ఉంది. ఇదే లైను డిసెంబరులో లంబసింగి చలిలో రీలులోంచి తీస్తే చుట్టలు చుట్టలుగానే వస్తుంది, ఎంత సేపటికీ తిన్నగా నిలవదు. వైజాగ్‌లో కూడా రాత్రంతా ఏసీ గదిలో ఉన్న రీలుకి కొంచెం ఆ జబ్బు ఉంటుంది. ఒడ్డుకెళ్లాక లైనును బారెడు బారెడుగా రెండు చేతులతో పట్టి గట్టిగా సాగదీసి వదిలితే సరిపోతుంది. చాలామంది ఆ పని చేయకుండా లైను చెడ్డదని తేల్చేస్తారు.

ఫ్లోటింగా, ఇంటర్మీడియెటా అన్నది తర్వాతి తగువు. ఫ్లోటింగ్ లైను పూతలో కంటికి కనపడని బోలు గాజు గోళీలు కలుపుతారు, అందుకే తేలుతుంది, అందుకే లావుగా కూడా ఉంటుంది. ఇంటర్మీడియెట్‌కి ఆ అవసరం లేదు కాబట్టి అదే బరువు తక్కువ మందంలో ఇమిడిపోతుంది. మైక్రోమీటరు పెడితే తేడా వెంటనే తెలుస్తుంది. సన్నటి లైను గాలిని కోసుకుపోతుంది. అయితే మన తీరంలో అసలు లాభం గాలిలో కన్నా నీళ్లలో ఎక్కువ. విరిగిన కెరటం నురగ ఒడ్డుకి పరుగెత్తేటప్పుడు తేలే లైనును మొత్తంగా లాక్కొచ్చేస్తుంది. ఫ్లైకి, చేతికి మధ్య లైను వదులైపోతుంది, చేప పట్టినా తెలియదు. ఇంటర్మీడియెట్ ఆ నురగ కిందకి దిగి తిన్నగా ఉంటుంది. లాగుతుంటే ఫ్లై కదలిక వేలికి అందుతుంది.

సెకనుకి అంగుళంన్నర నుంచి రెండంగుళాలు మునుగుతుందని రాసిన లైను నిజంగా అంతే మునుగుతుందా అని మంగమారిపేట రాళ్ల మధ్య నిలిచిన నీళ్లలో చూశాను. ఆటు సమయంలో అక్కడ లోతు తక్కువ మడుగులు ఏర్పడతాయి, అడుగు కనిపిస్తుంది. మూరెడు పొడవున లైను అడ్డంగా వదిలి ఫోన్లో టైమరు నొక్కడమే. రెండడుగుల లోతుకి పన్నెండు, పదమూడు సెకన్లు తీసుకుంది, మాట నిలబెట్టుకున్నట్టే. ఇంట్లో నీళ్ల డ్రమ్ములో చేస్తే కాస్త తొందరగా మునుగుతుంది. ఉప్పునీరు మంచినీటి కన్నా బరువు, లైనును కొంచెం ఎత్తిపడుతుంది. పరీక్ష ఏ నీళ్లలో వాడతామో ఆ నీళ్లలోనే చేయాలి.

భీమిలి మొగ దగ్గర, నది వైపు నీళ్లు నిలకడగా ఉన్నప్పుడు మాత్రం ఫ్లోటింగ్ లైనే తీస్తాను. అక్కడ లోతు తక్కువ, అడుగున చెత్త ఎక్కువ. మునిగే లైను వేస్తే ఫ్లైలు పోగొట్టుకోవడమే.

గాలి గురించి ఒక మాట, ఇది వైజాగ్‌కే ప్రత్యేకం. మన తీరం ఆగ్నేయం వైపు చూస్తుంది. సముద్రం వైపు తిరిగి నిలబడితే నైరుతి కుడిచేతి పక్కన పడుతుంది. వేసవి మొదలుకుని వానాకాలమంతా గాలి ఎక్కువగా అక్కణ్ణుంచే. అంటే కుడిచేత్తో విసిరేవాళ్లకు గాలి లైనును, దాంతోపాటు గేలాన్ని తిన్నగా ఒంటి మీదకే తోస్తుంది. ఎడమచేతివాటం వాళ్లు హాయిగా విసురుతుంటే నాకు అసూయగా ఉంటుంది. కుడిచేతివాళ్లు రాడ్డును తల మీంచి ఎడమ భుజం వైపు వంచి విసరాలి. అలా విసిరేటప్పుడు పొడుగు హెడ్ లైను గాలిలో నిలబెట్టడం చాలా కష్టం. 30 అడుగుల దాపున ఉండే పొట్టి హెడ్ అయితే రెండు ఊపుల్లో వదిలేయొచ్చు. నేను పరీక్షించినప్పుడు గాలి లేని పొద్దుట పొడుగు హెడ్ లైను బాగా ముందుకెళ్లింది. గాలి లేచాక లెక్క తిరగబడింది. కేటలాగుల్లో దూరం ఏ గాలిలో కొలిచారో రాయరు.

పైగా ఆ దూరంతో మనకి అంత పనిలేదు. పారలు తిరిగేది కెరటం విరిగే చోటుకి కాస్త ఇవతల, రాళ్ల అంచున. పదిహేను, ఇరవై మీటర్లు కచ్చితంగా వేయగలిగితే చాలు. కవళ్ల గుంపు ఒడ్డుకొచ్చిన రోజైతే ఇంకా దగ్గర. నేను ఎక్కువగా కట్టేది క్లౌజర్ మిన్నో. బాబ్ క్లౌజర్ 1987లో పెన్సిల్వేనియాలో నదిచేపల కోసం కట్టిన ఫ్లై అది. బరువైన లోహపు కళ్లుంటాయి. తెలుపు, లేత ఆకుపచ్చ కలిపి కడితే నీళ్లలో అచ్చం కవళ్ల పిల్లలాగే ఉంటుంది. ఆ కళ్ల బరువు వల్ల కూడా లైను ముందుభాగం బలంగా ఉండాలి. సన్నటి కొస ఉన్న లైను దాన్ని తిప్పలేక మధ్యలోనే కూలబడుతుంది.

ఆర్కే బీచ్‌లో మాత్రం ఈ పరీక్షలు పెట్టుకోకండి. వెనక్కి ఊపినప్పుడు గేలం ఎవరి చెవికి తగులుతుందో చెప్పలేం, పొద్దున్నే నడిచేవాళ్లంతా పెద్దవాళ్లు. ఎక్కడైనా సరే కళ్లద్దాలు తప్పనిసరి. నీళ్లలోకి మోకాళ్లు దాటి దిగొద్దు. మన తీరంలో లోపలికి లాగే ప్రవాహాలు ఎలా ఉంటాయో ఊళ్లోవాళ్లకు చెప్పక్కర్లేదు.

లైను బలం చాలామంది పట్టించుకోని విషయం. మామూలు లైను లోపలి దారం 20, 30 పౌండ్ల దగ్గర తెగుతుంది. పెద్ద చేపల కోసం చేసిన వాటిలో 50, 60 పౌండ్లు, ఇంకా ఎక్కువా ఉంటాయి. ఇక్కడి ఒడ్డు చేపలకు 30 చాలు. ఎప్పుడైనా తెగాల్సి వస్తే లైను తెగకూడదు, చివరనున్న సన్నటి లీడరే తెగాలి. లీడరుకి నేను 20 పౌండ్ల ఫ్లోరోకార్బన్ తంగూసు వాడతాను. బారాకుడా తిరుగుతుంటే దాని చివర జానెడు స్టీలు తీగ. అండమాన్ వెళ్లి జెయింట్ ట్రెవల్లీ లాంటి పెద్ద చేప పట్టాలనుకునేవాళ్ల లెక్క వేరు, వాళ్లు దీన్ని చదివి లైను కొనొద్దు. కొత్త లైను రాగానే కొసన వేడితో అతికించిన లూపును స్ప్రింగు కాటాకి తగిలించి లాగి చూడండి. నాకొచ్చిన ఒకటి లాగుతుంటే పూత చిట్లి తెల్లబడింది. కోసేసి నెయిల్ నాట్ అనే ముడి వేసుకున్నాను.

ధర సంగతి అడుగుతారు. మంచి ట్రాపికల్ లైను అమెరికాలోనే దాదాపు వంద డాలర్లు. తెప్పించుకుంటే కస్టమ్స్, కొరియర్ కలిసి ఇంకా పైన పడుతుంది. ఒక్కటే కొనగలిగితే 9 నంబరు ఇంటర్మీడియెట్, పొట్టి హెడ్, లేత రంగు. ఇప్పుడు నా రీలు మీద ఉన్నదీ అదే. గరుకు పూత వేసిన లైన్లు దూరం పోతాయి, నిజమే. కానీ ఉప్పునీళ్లలో నానిన వేలిని అవి రంపంలా కోస్తాయి, మళ్లీ సోమవారం అదే వేలితో నగల పని చేయాలి.

టబ్బు మాత్రం కొనకుండా ఉండొద్దు. పూర్ణా మార్కెట్‌లో ఇంట్లో వాడే ప్లాస్టిక్ టబ్బు తీసుకుని, అడుగున చిల్లులు పెట్టి, లోపల లావు తంగూసు ముక్కలు నిలువుగా గుచ్చి నడుముకి కట్టుకుంటే లైను చిక్కుపడదు, వేడి రాతినీ తాకదు. తెల్ల టబ్బే కొనండి.

వచ్చాక మంచినీళ్లలో నానబెట్టి, కాస్త సబ్బునీళ్లతో గుడ్డ పెట్టి తుడిచి, నీడలో ఆరబెట్టాలి. దోమల మందు రాసుకున్న చేత్తో లైను ముట్టుకోవద్దు. అందులోని డీట్ ప్లాస్టిక్‌ను తినేస్తుంది. సన్‌స్క్రీన్ రాసుకున్నా అరచేతులు కడుక్కోవాలి. కారు డిక్కీలో వదిలేయడం ఇంకా ఘోరం. లైను పాతబడిందో లేదో చూడాలంటే కొస కాదు, హెడ్ అయిపోయి రన్నింగ్ లైను, అంటే వెనకుండే సన్నటి భాగం, మొదలయ్యే చోటు చూడండి. విసిరే ప్రతిసారీ వంగేదీ, వేలికి ఆనుకునేదీ అక్కడే, పూత ముందు పగిలేది కూడా అక్కడే. గోరు తగిలితే పగుళ్లు తెలుస్తాయి.